చెరుకు రసం నీళ్ల లెక్కలోకి రాదు

మా డయాలసిస్ సెంటర్ గుమ్మంలో ఒక బరువు మిషన్ ఉంటుంది. వారానికి రెండుసార్లు, మంచం ఎక్కే ముందు, దాని మీద నిలబడాలి. కిడ్నీలు పని మానేశాక తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి, కిందటిసారి నుంచి ఎంత తాగామో అది ఇట్టే చెప్పేస్తుంది. అంకె నర్సమ్మ చదువుతుంది. ఆవిడ గొంతుకి ఎక్కడో దూరాన యలమంచిలి స్టేషన్లో రైలెక్కబోయేవాళ్లు కూడా ఓసారి వెనక్కి తిరిగి చూస్తారని నా నమ్మకం. "నాలుగున్నర కేజీలు. ఏటి బాబూ, నూతిలో దూకి వచ్చావా" అని నన్ను అడిగేది. నర్సీపట్నంలో నాకు మిగిలిన కాస్త పరువూ ఆ గుమ్మంలోనే పోయింది.

నా పక్క మంచం గొలుగొండ వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చే ఓ చెరుకు రైతుది. అరవై దాటినవాడు. నేను మావా అంటే ఆయన అల్లుడూ అనేవాడు. చుట్టరికమేమీ లేదు, ఒకే గోడకి ఆనించిన రెండు డయాలసిస్ మిషన్ల బంధుత్వం. డాక్టరు గారు ఆయనకో షరతు పెట్టారు. నెలన్నరలో, పెరిగే బరువుని రెండు కేజీల లోపుకి దించి, చెరుకు నరికేదాకా అలాగే ఉంచితే వారానికి రెండు రోజులు చాలు. మించితే మూడు. మూడో రోజు కూడా ఆసుపత్రికి ఇచ్చేస్తే చేను చూసుకునే ఓపిక ఉండదు, కౌలుకి ఇచ్చేయాలి. "సేను నేకపోతే ఈ సూదులు పొడిపించుకోడం ఎందుకల్లుడూ" అనేవాడు, వంకాయల ధర అడిగినంత మామూలుగా.

అప్పుడొచ్చింది మేడమ్, విశాఖపట్నం నుంచి. రోగులకి దిగులు తగ్గే ధ్యానం నేర్పుతుందట, ఎనిమిది వారాలు, గురువారం గురువారం, మేం మిషన్‌కి తగిలించి ఉండగానే. ఆమె గొంతు ఎంత మెత్తనిదంటే దాన్ని దిండులో కూరి కుట్టించుకోవచ్చు. "దాహం వేస్తే దాన్ని తిట్టకండి, దాన్నుంచి పారిపోకండి. ఊరికే చూడండి. మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పకండి" అనేది. మిగతా చోట్ల అందరికీ తలో కిస్‌మిస్ పండు ఇచ్చి, దాన్ని నెమ్మదిగా తింటూ గమనించమంటారట. మాకు అది కూడా నిషేధం. అందుకని తలో ఐసు ముక్క ఇచ్చింది. చీమ దిగితే మోకాలు తడవనంత ముక్క. కొరక్కుండా, నాలుక మీద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా చూడాలి.

నేను కరకరా నమిలేశాను. మావ మాత్రం కళ్లు మూసుకుని, నారు పోస్తున్నంత శ్రద్ధగా ఉండిపోయాడు. ఎప్పటికో కళ్లు తెరిచి, "బాగుందండి. బోరు ఏత్తే మొదటి నీళ్లు కాలవలోకి వచ్చినట్టుంది" అన్నాడు.

ఆమె వెళ్లగానే నేను ఆ దిండు గొంతుతో అందుకున్నాను. "ఇప్పుడు మన నర్సమ్మను గమనించండి. తిట్టకండి. పారిపోండి." నాలుగు మంచాలు నవ్వాయి. మావ నవ్వలేదు, ఇంకా నాలుక మీద చల్లదనం చూసుకుంటున్నాడు.

మూడో వారానికి ఆయన బరువు మూడు కేజీలకి దిగింది. ఐదో వారానికి రెండు లోపే. నర్సమ్మ ఆ అంకెని పెళ్లి సన్నాయిలా చదివి, నా వైపు తిరిగి, "సూసి నేర్చుకో" అంది. మూడేళ్లుగా ఆ గదిని నవ్విస్తున్నవాణ్ణి. ఓ ఐసు ముక్క నా సింహాసనం లాక్కుంది.

ఆరో వారం మా ఇద్దరి రక్తం గొట్టాల్లో తిరుగుతుండగా మావ నా వైపు వంగాడు.

"అల్లుడూ, సదువుకున్నోడివి. ఒకటడుగుతాను, నవ్వకు. రేపు మా పక్క సేనోళ్లు గానుగ ఆడతన్నారు. డాక్టరు గారు నీళ్లొద్దన్నారు, టీ వద్దన్నారు, మజ్జిగొద్దన్నారు. సెరుకు రసం మాట నాతో ఎవులూ అన్నేదు. అది నీళ్ల నెక్కలోకి వత్తాదేటి? నీళ్లు పెట్టింది నేనే కదా. ఆ నీళ్లన్నీ సెరుకు గెడ తాగీసింది. గెడలో ఉన్నది మరి పంట."

అది నీళ్లేనని నాకు తెలుసు. నీళ్ల కంటే చెడ్డదనీ, అందులోని పొటాషియం మా గుండెలకి పడదనీ తెలుసు. ఎదుటి గోడ మీద రాసి ఉంది. మావకి అక్షరాలు రావు.

దిండు గొంతు తెచ్చుకున్నాను. "రసం నీళ్లెలాగవుతాది మావా. పంట పంటే. లెక్కలోకి రాదు." అక్కడితో ఆగినా బాగుండేది. మాటల్లోనే అందులో అల్లం దంచి కలిపించాను, నిమ్మకాయ పిండించాను, ఇత్తడి చెంబులో జానెడు నురగ పొంగించాను. "నురగ మీసానికి అంటుకుంటే తుడవకు. గమనించు."

నవ్వుతాడనుకున్నాను. తల ఊపాడు. నవ్వలేదని నేను చూశాను. వేళాకోళం మావా అని చెప్పడానికి ఆ పక్క మంచం మీదే ఇంకా రెండు గంటలు కదలకుండా పడి ఉన్నాను. చెప్పలేదు. వచ్చేసారి బరువు మిషన్ ఎక్కినప్పుడు ఆయన మొహం చూడాలని దాచుకున్నాను.

వచ్చేసారి ఆయన మిషన్ ఎక్కలేదు. ఇద్దరు మనుషులు ఆటోలోంచి మోసుకొచ్చారు. ఊపిరి ఈలలా వస్తోంది. అంబులెన్సులో విశాఖపట్నం పంపించేస్తుంటే వాళ్లావిడ నర్సమ్మతో, "రెండు సెంబులు తాగీసినాడమ్మా. వద్దంటే, సదువుకున్న అల్లుడు సెప్పినాడు, నెక్కలోకి రాదు అన్నాడు" అంది.

"ఏ అల్లుడు?"

"మాకు ఆడపిల్లలే నేరు కదమ్మా. ఎవులో మరి."

నేను కళ్లు మూసుకుని శ్వాసని గమనించాను. ఆ ఎనిమిది వారాల్లో మనసు పెట్టి చేసింది ఆ ఒక్కసారే.

ఆఖరి గురువారానికి మావ తిరిగొచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఇక వారానికి మూడు రోజులు. చేను కౌలుకి పోయింది. నరికినవాళ్లు వేరే వాళ్లు.

మేడమ్ తలో ఐసు ముక్కా ఇచ్చి, కరిగాక లోపల ఏం కనిపిస్తోందో చెప్పమంది. ముందు మావని అడిగింది.

"ఒకడి మీద కోపం వత్తంది మేడమ్ గారు. సూత్తన్నాను."

"చాలా మంచిది. తీర్పు చెప్పకుండా చూడండి."

"సూత్తన్నానండి. మంచిదనీ అన్నేదు, సెడ్డదనీ అన్నేదు. సూత్తంటే కరిగిపోతాదన్నారు. ఐసు కరిగింది. ఇది కరగనేదు."

అలవాటు కొద్దీ మిగతా మంచాలన్నీ నా వైపు తిరిగాయి. ఇలాంటి చోట ఒక జోకు వేయడం నా ఉద్యోగం. సిగ్గు లేకుండా ఒకటి తయారై నాలుక చివర కూర్చుంది కూడా.

"సెప్పల్లుడూ," అన్నాడు మావ. "ఆల్లు నీ కోసం సూత్తన్నారు."

చెప్పాను. నాలుగు మంచాలూ నవ్వాయి. మావ నన్ను చూస్తూనే ఉన్నాడు, మేడమ్ నేర్పినట్టే, రెప్ప వేయకుండా.