ఒడ్డున నిలబడే మనిషి

ఆదోనిలో గాలి లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆషాఢంలో ఒక్కసారి బస్టాండు బయట నిలబడి చూడండి, కళ్లలో దుమ్ము తప్ప ఇంకేమీ కనపడదు. అలాంటి గాలి ఉన్న ఊళ్లలో, నలభై దాటాక, కైట్ సర్ఫింగ్‌కు చోటు వెతుకుతూ తిరిగినవాణ్ణి నేను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఎమ్మిగనూరులో మా వీధి మొత్తం నవ్వింది.

మా ఊరి నేత చీరలు అమ్మే ఎగ్జిబిషన్ కోసం తమిళనాడు సముద్రం ఒడ్డున నెలరోజులు ఉన్నాను. నడుముకు తాళ్లు తగిలించుకుని, పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారిపోయేవాళ్లను అక్కడే చూశాను. నేర్పించేదాకా ఒకాయన వెంటపడ్డాను. తిరిగొచ్చేటప్పుడు ఆయన తన పాత గాలిపటం నాకిచ్చి, మెత్తటి ఒడ్డు, నడుము లోతు నీళ్లు, అడ్డులేని గాలి చూసుకోమన్నాడు. ఒడ్డున ఒక మనిషి లేకుండా మాత్రం తాళ్లు విప్పొద్దన్నాడు. గాలిపటాన్ని పట్టుకుని వదిలేది ఆ మనిషే, ఏదైనా జరిగితే పరిగెత్తుకొచ్చేదీ ఆ మనిషే.

ఆ ఒక్క మనిషే నాకు లేడు. పెళ్లి కాలేదు. ఉన్నది అన్న, మూడిళ్ల అవతల. నేను నేత మానేసి, కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంత పూడ్చి జిరాక్సు అంగడి పెట్టినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. "నాయన కాళ్లు పెట్టిన గుంతరా అది" అన్నాడు ఆ రోజు. "అట్లయితే నీ కాళ్లు పెట్టుకో పో" అన్నాను. నా నోరు అలాంటిది. అది జరిగి మూడేళ్లు.

కాబట్టి ఒంటరిగానే వెళ్లాను. ఆదోని దగ్గర ఒక గుట్ట కింద చెరువు. గాలి మెత్తగా ఉంది, నీళ్ల మీద ముడత లేదు. భలే చోటు దొరికిందిరా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి పడుగు చాపడానికి చోటు చూసిన కళ్లు ఇవి. వీధి పొడవునా నిలువు దారాలు సాగదీసి గంజి పెట్టాలంటే గాలికి చాటు కావాలి, లేకపోతే పోగులు చిక్కుపడి తెగుతాయి. నేతపనివాడు ఎక్కడికెళ్లినా ముందు చాటు వెతుకుతాడు. గాలిపటానికి ఆ చాటే ప్రమాదమని నాకు తట్టలేదు.

గాలిపటాన్ని ఒక బండకు ఆనించి ఎలాగో లేపాను. గుట్ట ఎత్తు దాటేదాకా బుద్ధిగా లేచింది. దాటగానే అసలు గాలి తగిలింది. అయ్యో అనేలోపే నన్ను రాళ్ల మీద బరబరా ఈడ్చింది. ఆపదలో లాగాల్సిన ఎర్ర పిడి లాగి గాలిపటాన్ని కూల్చేసరికి మోకాలు చీరుకుపోయింది, కుడి భుజం పైకి లేవలేదు. వెల్లకిలా చాలాసేపు పడి ఉన్నాను. ఫోన్ తీసి పేర్లన్నీ జరుపుతూ పోయాను. రమ్మంటే వచ్చే పేరు ఒక్కటే ఉంది. దాని మీద వేలు పెట్టలేకపోయాను. ఇంత బతుకు బతికి పడితే లేపే దిక్కు లేదా అని గట్టిగానే ఏడ్చాను. వినేవాళ్లు లేనప్పుడు సిగ్గెందుకు?

భుజం కుదిరాక మళ్లీ వెతికాను, ఈసారి సరిగ్గా. కర్రకు ఒక నూలు పోగు కట్టి చెరువు గట్ల వెంట నడిచాను. పోగు ఒకే దిక్కుకు నిలకడగా ఎగిరితే మంచి గాలి. ఎగిరెగిరి పడుతుంటే దగ్గర్లో గుట్టో చెట్టో అడ్డున్నట్టు. ఒక గొర్రెల కాపరి ఆగి నా కర్రను చూశాడు.

"ఏమప్పా, చేపలకా?"

"కాదన్నా, గాలి సూసేకి వచ్చినా."

"గాలి సూసేదేమప్పా! అదే వచ్చి మూతికి కొడ్తాంది కదా" అని గొర్రెలను తోలుకుని పోయాడు. ఆ రోజంతా నాతో మాట్లాడిన మనిషి ఆయన ఒక్కడే.

చివరికి ఎమ్మిగనూరు అవతల ఒక పెద్ద చెరువు కుదిరింది. నీళ్లు వెనక్కి తగ్గి ఒడ్డు విశాలంగా, మెత్తగా ఉంది. వంద అడుగులు లోపలికి నడిచినా నడుము దాటలేదు. కరెంటు తీగల్లేవు, ముళ్లచెట్లు లేవు. గాలి నీళ్ల మీది నుంచి ఏటవాలుగా ఒడ్డుకు వస్తోంది, అంటే పడినా ఒడ్డుకే చేరుస్తుంది. మూడు రోజులు వెళ్లి చూశాను, పోగు నిలకడగానే ఎగిరింది. అన్నీ ఉన్నాయి, మనిషి తప్ప.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. ముందురోజు సాయంత్రం గడప దగ్గర నిలబడి "రేపు పడుగు" అంటే చాలు, కొట్టుకున్న ఇంటివాళ్లు కూడా కాదనరు, పొద్దున్నే వచ్చి ఒక కొస పట్టుకుంటారు. ఇప్పుడు గంజి పెట్టిన పడుగులు తయారుగా దొరుకుతున్నాయి, ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. ఆ సాయంత్రం నేను అన్న గడప దగ్గర నిలబడ్డాను. తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. "రేపు పడుగు" అన్నాను.

అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "మగ్గమే లేనోనికి పడుగేందిరా?"

నేను కదలలేదు.

"యాడికి రావల్ల, సెప్పు" అన్నాడు.

పొద్దున్నే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్లాం. ఒడ్డంతా నడిచి చూసి "బాగానే ఎతికినావు" అన్నాడు. గాలిపటం ఎలా పట్టుకోవాలో నేను చూపిస్తుంటే, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "సోమవారం బెంగళూరు పోతాండామురా. మీ వదిన తమ్ముడు గార్మెంట్సులో పని సూసినాడు. మగ్గం ఇప్పేసినా."

"మళ్ల ఎప్పుడొస్తావన్నా?"

"వచ్చేదేముంది? ఇల్లు గూడా బాడుగకిచ్చినా."

మూడేళ్లు మూడిళ్ల అవతలే ఉన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తాళ్లకు ఈ కొసన నేను, ఆ కొసన గాలిపటం పట్టుకుని అన్న. నేను చెయ్యి పైకెత్తితే ఆయన వదిలేయాలి. గాలి ఎలా కావాలో అలాగే ఉంది. నేను చెయ్యి ఎత్తలేదు.

"వదలల్లా, వద్దారా?" అని అరిచాడు.

"ఇంకాసేపు పట్టుకోన్నా" అన్నాను.