బాలింత దాహం

మా ఎల్లారెడ్డి ఊళ్లో టైలర్ జిలానీ కూతురు జీనత్ డాక్టరైందంటే బజారంతా సంబరపడింది. తీరా చూస్తే ఆమె జ్వరానికి గోలీలిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. ఏం పరిశోధనమ్మా అంటే ఓపికగా చెప్పేది. ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన బలగమే దారితప్పి మన మీదికి తిరగబడుతుందట. అప్పుడు కొందరి నెత్తురు ఊరికే గడ్డకడుతుందట. కడుపుతో ఉన్నవాళ్లకైతే బిడ్డకు తిండి అందించే మాయలో గడ్డలు కట్టి బిడ్డ నిలవదట. కంచే చేను మేయడమన్నమాట. ఇంత విన్నాక మావాళ్లు ఆమెకు పెట్టిన పేరు నెత్తురు డాక్టరమ్మ.

ఆదివారమొస్తే హైదరాబాదు నుంచి కామారెడ్డిలో దిగేది. తెలిసినవాళ్ల ఆసుపత్రిలో ఆమెకొక గది. కడుపులు పోయిన ఆడవాళ్ల నెత్తురు తీసి, ఐసు డబ్బాలో పెట్టుకొని సాయంత్రం బస్సెక్కేది. "చేపలా అమ్మా?" అని కండక్టరు అడిగితే నవ్వి ఊరుకునేది.

2012లో లింగంపేట దగ్గరి తండా నుంచి గంగ తన పెద్దకోడలు భూలిని తీసుకొచ్చింది. భూలికి అప్పటికే మూడు కడుపులు పోయాయి. కోడలికి శాపముందన్న వాళ్లను గంగ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి పనికిరావు. అలాంటి అత్త. జీనత్ వెతుకుతున్న రోగమే భూలి నెత్తురులో దొరికింది. మళ్లీ నెల తప్పగానే నెత్తురు గడ్డకట్టకుండా రోజూ పొట్ట మీద సూది వేయాలన్నారు. తండా నుంచి రోజూ ఎవరు తిరుగుతారు? గంగే నేర్చుకుంది. బీడీలు చుట్టే చెయ్యి, వణకలేదు. "నొప్పైతే నన్ను తిట్టు" అంటూ ఒక్కనాడూ తప్పకుండా వేసింది.

మరుసటి ఎండాకాలం భూలి ఆడపిల్లను కన్నది. గంగ తండా అంతా చక్కెర పంచింది. ఇంటికి పంపేటప్పుడు జీనత్ చెప్పింది: "సూదులు ఇంక నెలన్నర ఆపొద్దవ్వా. కోడలిని నడిపియ్యి, నీళ్లు మంచిగ తాపు." సూది మాటకు గంగ తలూపింది. నీళ్ల మాట చెవిన పెట్టలేదు. పచ్చి బాలింతకు నీళ్లు తాపితే పొట్ట పెరుగుతుందని, పసిదానికి జలుబు చేస్తుందని మా దిక్కు ప్రతి ముసలమ్మకూ తెలుసు. జీనత్‌కు తెలియదా? ఆమె తల్లి అన్వరి బేగం కూడా ఇంటి బాలింతలను అట్లాగే ఎండబెట్టింది. అన్నీ తెలిసి ఒక్క మాటతో సరిపెట్టిందే అని నాకు ఇప్పటికీ కోపం.

రోహిణి ఎండలు. భూలిని గంగ మంచం దిగనివ్వలేదు. కాలు వాచింది. ఒంటికి నీరు పట్టిందనుకొని ఇచ్చే ఆ కాసిన్ని నీళ్లు కూడా సగం చేసింది. ఒకనాడు పొద్దున బిడ్డకు పాలిస్తూ భూలి ఆయాసంతో పక్కకు ఒరిగిపోయింది. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరింది. ఆటో ఎల్లారెడ్డి చేరకముందే ప్రాణం పోయింది.

భూలి పోయిన తీరంతా తెలిసి జీనత్ తండాకు బయలుదేరింది. నీ తప్పేం లేదని ముసలమ్మకు చెప్పి రావాలని దారంతా అనుకుంటూనే ఉంది. గంగ మనుమరాలిని ఒళ్లో వేసుకొని గడప దగ్గర కూర్చుని ఉంది.

"సూది ఒక్కనాడు ఇడువలే బిడ్డా. మరి నా కోడలు ఎందుకు పోయింది?"

"నీ తప్పేం..." అనబోయింది జీనత్. అంతలో చిన్నకోడలు అంజలి చాయ్ తెచ్చింది. ఆమెకు నెలలు నిండాయి. ఆ పొట్ట చూసేసరికి జీనత్ ఆ మాట అక్కడే ఆపేసింది. నిజం చెబితే ఈ ముసలమ్మ తట్టుకోలేదు. చెప్పకపోతే రేపు అంజలికీ ఇదే పథ్యం.

"అవ్వా, దాన్ని నీళ్లు తాపకపోవుడొక్కటే చంపిందని నేను ఒట్టేసి చెప్పలేను. కాని దానిది గడ్డకట్టే నెత్తురు. నీళ్లు చాలక ఇంక చిక్కగైంది. మంచం మీదినుంచి కదలకపాయె. నేను గట్టిగ చెప్పాల్సి ఉండె. తప్పు నాది."

తప్పు నాదన్న మాట గంగకు వినబడనే లేదు.

"నీళ్లా?" అంది. ఖాళీ మంచం వైపు చూసింది. "అడిగింది బిడ్డా. రోజు అడిగింది. కాళ్లు మొక్కి అడిగింది. నీ మంచికేనే అని గద్దిచ్చిన."

జీనత్ ఏడ్చేసింది. గంగ ఏడవలేదు. పసిదాన్ని జీనత్ ఒళ్లో పెట్టి లేచింది. కుండలో చెంబు ముంచి తెచ్చి అంజలి చేతికిచ్చింది.

"తాగు."

అంజలి సగం తాగి చాలంది.

"అంతా తాగు" అంది గంగ. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.