మూడో బంతిలో వినపడిన గిటారు

1979లో చెరకు ఆడే క్రషింగ్ సీజన్ ముగిసి, మిల్లు యంత్రాలన్నీ విప్పి మరమ్మతుకు పెట్టిన వారంలోనే నాకు ఒక అదనపు డ్యూటీ పడింది. అప్పటికి నేను తూర్పు గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన చీఫ్ ఇంజనీరు, అందరి పైన జనరల్ మేనేజర్ గారు. ఆ నోటు సరాసరి జనరల్ మేనేజర్ గారి నుంచే వచ్చింది. "రిక్రియేషన్ క్లబ్ వాద్యబృందమునకు తగిన ఆంప్లిఫయర్‌ను ఎంపిక చేసి, మే నెలాఖరులోగా ట్రయల్ రిపోర్టుతో ఇండెంటు సమర్పించవలెను. లేని పక్షమున గిటారు అంశమును బృందమునుండి తొలగించెదము" అని అందులో ఉంది. ఇండెంటు అంటే మాకు ఫలానా సామాను కావాలని స్టోర్సు వారికి రాసుకునే కోరిక పత్రం. ఇక గిటారు అంశం అంటే మా ప్రభాకరం గారు.

ప్రభాకరం గారు ల్యాబ్ కెమిస్ట్. చెరకు రసంలో తీపి ఎంత, మలినం ఎంత అని పరీక్షించి షిఫ్టుకు ఇన్నిసార్లని చీటీ రాసి పంపడం ఆయన పని. సాయంత్రాలు క్లబ్బులో హవాయన్ గిటారు వాయించేవారు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారిస్తూ వాయించే గిటారు అది. ఎనిమిదేళ్లుగా మా బృందంలో ఉన్నారు. ఫ్యాక్టరీ వార్షికోత్సవం, వినాయక చవితి పందిళ్లు, ఉద్యోగుల ఇళ్లలో పెళ్లిళ్లు, ఒక్కటీ మానలేదు. కానీ ఆ ఎనిమిదేళ్లలో ఆయన గిటారు విన్నవాడు లేడు.

తప్పు ఆయనది కాదు, క్లబ్ కార్యక్రమాలకు నేను నడిపే మైకు సెట్టుది. మైకు సెట్టు ఆంప్లిఫయర్ మనిషి గొంతు కోసం చేసినది. దానికి తగిలించే గొట్టం స్పీకర్లు మధ్య స్థాయి ధ్వనిని మాత్రమే గట్టిగా పంపి, అడుగు స్వరాలనూ పై మెరుపునూ మింగేస్తాయి. గిటారును దానికి కలిపితే రేకు డబ్బాలో కందిరీగను వేసి మూత పెట్టినట్టు ఉండేది. అది పాటకు అడ్డొస్తోందని గాయకులు గొణిగితే నేనే వాల్యూం తగ్గించేసేవాణ్ణి. అలా తగ్గించీ తగ్గించీ చివరికి ఆయన వాయిస్తున్నట్టు చేతులు కదలడం తప్ప ఏమీ మిగల్లేదు.

ఒకసారి ల్యాబ్‌లో ఫ్యూజు మార్చడానికి వెళ్లినప్పుడు ఆయనే నవ్వుతూ చెప్పారు. వాళ్లావిడ సత్యవతి గారు కాకినాడలో పదేళ్లు వీణ నేర్చుకున్న మనిషి. ప్రతి కార్యక్రమానికీ వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. గిటారు క్లబ్ ఆస్తి కనుక ఇంటికి తీసుకెళ్లడానికి వీల్లేదు. "మా ఆవిడ ఎనిమిదేళ్లుగా నేను తీగలు తుడవడం చూస్తోందండీ, అంతే" అన్నారు. నేనూ నవ్వాను గానీ, బయటికొచ్చాక సిగ్గనిపించింది. వాల్యూం తిప్పే చెయ్యి నాదే మరి.

అందుకని నోటు రాగానే ఉత్సాహంగా ఇండెంటు రాశాను. ఎలక్ట్రికల్ వాడిని, వాట్లంటే నాకు భక్తి. పది వాట్లు సరిపోయేచోట వంద పెడితే ఎవరూ వేలెత్తి చూపరని నా నమ్మకం. "వంద వాట్ల గిటారు ఆంప్లిఫయర్ ఒకటి" అని రాసి పంపితే మర్నాడే తిరిగొచ్చింది. స్టోర్సు ఆఫీసరు సుబ్బరాజు గారు ఎర్ర సిరాతో "మైకు సెట్టు ఒకటి ఉన్నది కదా" అని రాశారు.

ఆయన గదికి వెళ్లి అరగంట వివరించాను. గిటారుకు పనికొచ్చేదాన్ని కాంబో అంటారని, ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే చెక్క పెట్టెలో ఉంటాయని, ఒక మనిషి ఎత్తుకుని బండెక్కగలిగినదీ, చిన్న కార్యక్రమాల్లో రకరకాల పనులకు పనికొచ్చేదీ కావాలని చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఇంతకీ ఇది మెషినరీయా, ఫర్నిచరాండీ?" అని అడిగారు. చెక్క పెట్టె, ముందు గుడ్డ, పైన పిడి అన్నాను కదా, ఫర్నిచరు కిందే వేశారు. తరువాత ఆ పెట్టె వెనక క్లబ్ కుర్చీల వరసలోనే తెల్ల రంగుతో నంబరు వేయించారు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో రేడియోలూ వాద్యాలూ అమ్మే గుప్త గారి దుకాణం ఉండేది. తాతల నాటి వ్యాపారం, మాట మెత్తన. ఆయన మద్రాసు నుంచి మూడు కాంబోలు తెప్పించి పెట్టారు. మొదటిది వాల్వులది. గాజు బల్బుల్లాంటి వాల్వులు వేడెక్కాక గానీ పలకదు, పలికితే మాత్రం తేనె. బరువు ఇద్దరు మనుషులది. రెండోది వంద వాట్ల ట్రాన్సిస్టరు పెట్టె, పదిహేను అంగుళాల స్పీకరు. మూడోది ముప్ఫై వాట్లది, పన్నెండంగుళాల స్పీకరు. దానికి రెండు ఛానెళ్లు ఉన్నాయి. ఒకదానికి గిటారు, రెండోదానికి మైకు తగిలించి దేని వాల్యూం దానికి విడిగా పెట్టుకోవచ్చు.

ప్రభాకరం గారు స్టూలు మీద కూర్చుని మూడింటినీ కళ్లు మూసుకుని వాయించారు. చాలాసేపు ఆలోచించి, "ముప్ఫైది బాగుందేమోనండీ. కడ్డీ జారడం కూడా వినపడుతోంది" అన్నారు. నేను కొట్టిపారేశాను. ఆయన మెతక మనిషి, నాది పెద్ద గొంతు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, బయట పందిట్లో ముప్ఫై వాట్లు ఏ మూలకని దబాయించి, వంద వాట్లదే మేలని అక్కడే రిపోర్టు రాసేశాను. మిఠాయి దుకాణమంత గదిలో విని పందిరికి తీర్పు చెప్పడం ఎంత తెలివితక్కువో అప్పుడు తోచలేదు.

సుబ్బరాజు గారికి తోచింది. రిపోర్టు చదివి నా ముందుకు తోశారు. "బావిలో దించకుండా పంపుసెట్టు తీసుకుంటామాండీ మనం? మే పన్నెండున మా అన్నయ్య గారి అమ్మాయి పెళ్లి, ఆత్రేయపురం దగ్గర మా ఊళ్లో. పగటి ముహూర్తం. గుప్త గారిని అడిగి మూడు పెట్టెలూ పట్టుకొచ్చి భోజనాల దగ్గర వాయించండి. అక్కడ తేలుద్దాం" అన్నారు. నేను సంతోషంగా లేచేలోపు ఒక షరతు పెట్టారు. "ఒక్కటే మాట మూర్తి గారూ. భోజనాల బాధ్యత నాది. మీ వాయిద్యం వల్ల మా వాళ్ల మర్యాద వినపడక ఏ ఒక్కరు సగం కడుపుతో లేచినా, మీ పెట్టె కాలవలో ఉంటుంది." అంటూనే నా ట్రయల్ ఫారం తీసుకుని, శక్తి, బరువు, తక్కువ వోల్టేజిలో పనితీరు అనే గళ్ల పక్కన స్వయంగా ఇంకో గడి గీసి "మర్యాద" అని రాశారు. ఇంజనీరింగు లెక్కల్లో ఈ గడి ఏంటని నాకు నవ్వొచ్చింది.

పెళ్లి రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ వ్యానులో కాలవ గట్టు మీదుగా బయల్దేరాం. మూడు పెట్టెల మధ్య మా బృందం వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టుందని సత్యవతి గారు ఎకసెక్కమాడారు. ప్రభాకరం గారు మాత్రం ఒళ్లో గిటారు పెట్టుకుని తీగలు తుడుస్తున్నారు. వాయించేది పెళ్లిలోనే అయినా, ఆయనకది పరీక్షే. పెట్టె తేలకపోతే ఆ నెలాఖరుతో ఆయన గిటారుకు తాళం పడుతుంది.

తాటాకు పందిరి. వరసకు యాభై ఆకులు, నాలుగు వరసలు కలిసి ఒక బంతి. మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, చివర్లో పూతరేకులు. మేము పందిరి మూల చాప మీద కూర్చున్నాం.

మొదటి బంతికి వాల్వుల పెట్టె పెట్టాం. పక్కనే రైసు మిల్లు నడుస్తోంది. నా మీటరు పెట్టి చూస్తే రెండువందల ముప్ఫై వోల్టులు ఉండాల్సిన చోట నూట డెబ్భై ఉంది. వాల్వులు ఎర్రబడీ ఎర్రబడనట్టు మినుకుమంటున్నాయి. గిటారు పప్పు వడ్డించేటప్పుడు ఒకలా, చారు దగ్గరికొచ్చేసరికి నీరసించి ఇంకోలా పలికింది. పాపం, మంచి పెట్టె. మా ఊళ్ల కరెంటు దానికి సరిపడలేదు.

రెండో బంతికి నా వంద వాట్ల వీరుడు. స్విచ్చి వేసి దర్జాగా వెనక్కి జరిగి కూర్చున్నాను. మొదటి తీగ మీటగానే దగ్గరి వరస వాళ్లు ఉలిక్కిపడి నీళ్లగ్లాసులు పట్టుకున్నారు. ఎక్కువైన ధ్వనిని తాటాకు పందిరి మింగుతుందనుకున్నాను. దూరాన మింగింది గానీ దగ్గర కూర్చున్నవాళ్ల పని అయిపోయింది. వడ్డించేవాళ్ల నోళ్లు కదులుతున్నాయి, మాట లేదు. ఒక పెద్దాయన చాలు చాలని చెయ్యి అడ్డంగా ఊపితే, బూరెల బుట్ట పట్టుకున్నాయన పిలుస్తున్నారనుకుని పరుగెత్తుకొచ్చి నాలుగు వేశాడు. పెద్దాయన రెండు చేతులూ ఊపారు. ఇంకో నాలుగు పడ్డాయి. అవతలి వరసలో ఇంకొకాయన పెరుగు కోసం గొంతు చించుకుంటున్నా ఎవరూ చూడటం లేదు. సుబ్బరాజు గారు పంచె ఎగ్గట్టి మా వైపు వస్తుంటే, ఆయన చూపు ఒకసారి కాలవ వైపు వెళ్లడం నేను చూశాను. నేనే లేచి ప్లగ్గు పీకాను. పీకగానే పందిరంతా "పెరుగండీ!" అన్న కేక ఒక్కటే వినపడింది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వక తప్పలేదు.

మూడో బంతికి మిగిలింది ముప్ఫై వాట్లది. ఈసారి నేను పక్కకు జరిగాను. దాన్ని ఎక్కడ పెట్టాలో ప్రభాకరం గారే చెప్పారు. బోర్లించిన పెద్ద వంట గుండిగ మీద పెట్టి, వెనక్కి కాస్త వాల్చి, మొహం భోజనాల వైపు కాకుండా పందిరి పైకప్పు వైపు ఉండేలా తిప్పించారు. మెల్లగా మొదలుపెట్టారు. అందరికీ తెలిసిన పాత సినిమా పాటే. నాలుగో వరస చివరి ఆకు దగ్గరికెళ్లి నిలబడ్డాను. కడ్డీ తీగ మీద జారి ఒక స్వరం నుంచి ఇంకో స్వరంలోకి ఒదగడం స్పష్టంగా వినపడింది. దాని కిందుగా "ఇంకొక్కటండి, మొహమాటపడకండి", "అయ్యో, చాలండీ బాబూ", "ఆయ్, మీరు అలా అంటే ఎలాగండీ" అన్న మాటలన్నీ వినపడ్డాయి. సుబ్బరాజు గారు రెండో ఛానెల్లో మైకు పెట్టించుకుని, పాట ఆగకుండానే మగపెళ్లివారి తరఫు చుట్టాలను పేరుపేరునా నాలుగో బంతికి పిలిచారు. ఎనిమిదేళ్లుగా మా పక్కన ఇంత మంచి వాద్యకారుడు కూర్చుని ఉన్నాడా అని నాకు ఆశ్చర్యం, ఆపుకోలేని సంతోషం కలిగాయి.

సత్యవతి గారు ఆ బంతిలోనే కూర్చున్నారు. తింటూ తింటూ చెయ్యి ఆపేశారు. పూతరేకు ఆకులో అలాగే ఉంది. బంతి లేవగానే చెయ్యి కడుక్కుని గబగబా మా చాప దగ్గరికొచ్చారు. ప్రభాకరం గారు గిటారు మీద కడ్డీ పెట్టుకుని తలెత్తి ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. అంత ఆశగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఏవండీ," అన్నారావిడ, "రెండో చరణం ఎత్తుకునే చోట గాంధారం తప్పు పడుతోంది. ఎన్నాళ్లనించి ఇలా వాయిస్తున్నారు?"

ప్రభాకరం గారు "ఎనిమిదేళ్లనించి" అన్నారు.

"ఎవరూ చెప్పలేదా?"

"ఎవరికి వినపడిందనీ!"

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు మొదలుపెడితే మా బృందమంతా అందుకుంది. ప్రభాకరం గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అందరికంటే ఎక్కువ నవ్వారు. తరువాత ఆవిడ చాప మీద ఆయన ఎదురుగా కూర్చుని ఆ చోటు మెల్లగా పాడి చూపించారు. ఆయన కడ్డీ జరిపారు. ఊహూ అన్నారావిడ. ఇంకొంచెం జరిపారు. మూడోసారికి తల ఊపారు. నాలుగో బంతి కూర్చునేసరికి పాట మళ్లీ మొదలైంది, రెండో చరణం సరిగ్గా పడింది. ఆ మార్పు భోజనాల్లో ఎవరికీ తెలియలేదు. వాళ్లిద్దరికీ తెలిసింది, పక్కనున్న నాకూ తెలిసింది.

సోమవారం రిపోర్టు తిరగరాశాను. శక్తి తక్కువ, బరువు తక్కువ, తక్కువ వోల్టేజిలో పనితీరు తృప్తికరం, మర్యాద వినపడింది. నెలాఖరుకు వారం ముందే పెట్టె క్లబ్బుకు చేరింది. గిటారు అంశం కొనసాగునని జనరల్ మేనేజర్ గారు సంతకం పెట్టారు. సత్యవతి గారి పోరు మీద, ఆదివారాలు గిటారును ఇంటికి తీసుకెళ్లడానికి సుబ్బరాజు గారు గేటు పాసు కూడా ఇచ్చారు.

ఆ తరువాత ఉద్యోగంలో చాలా యంత్రాలు ఎంపిక చేశాను. ఎంత శక్తి అని అడిగే ముందు, అది నడుస్తుండగా పక్కన ఇంకేమేమి వినపడాలి అని అడగడం ఆ పెళ్లిలో నేర్చుకున్నాను. వాడే మనిషి మెల్లగా చెప్పిన మాట వినడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇంకొకటుంది. మంచి ఆంప్లిఫయర్ వాయించేవాడికి లేని గొప్పతనం తెచ్చిపెట్టదు, ఉన్న తప్పునూ దాచదు. ఆ వేసవి నుంచి మా బృందంలో రిహార్సల్‌కు ఎవరినీ కబురు పెట్టి పిలవాల్సిన పని రాలేదు. అందరికంటే ముందు ప్రభాకరం గారు వచ్చి కూర్చునేవారు.