నేను కలిపి చెప్పిన మాటలు

నా చిన్నప్పుడు మా చిన్నమామ నోటికి మా ఊరు పాల్మాకులలో అడ్డే ఉండేది కాదు. ఎవరికి పెళ్ళి కుదిరినా ఆ పిల్లవాడి దగ్గరకు పోయి సంతాపం చెప్పి వచ్చేవాడు. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు నెట్టే పని ఆయనది. "లోకమంత సామాను మోస్తున్న, ఇంట్ల గూడ మొయ్యాల్నా?" అని పెళ్ళి మాట ఎత్తినవాళ్ళ నోరు మూయించేవాడు. ఆయనకు సమాధానం చెప్పగలిగింది పక్కింటి అక్క ఒక్కతే. కొత్తూరులో మందుబిళ్ళల కంపెనీలో పనిచేసేది. గోడకు ఇటునుంచి ఆయన ఒకటంటే అటునుంచి ఆమె రెండనేది. ఆమె డ్యూటీ నుంచి వచ్చే వేళకు మామ ఏదో పని కల్పించుకుని గోడ దగ్గరే తిరుగుతుంటాడని కనిపెట్టింది మాత్రం మా అమ్మమ్మే.

ఒకసారి మంఖాల్ ఊరి నుంచి పెళ్ళివాళ్ళు అక్కను చూడడానికి వస్తున్నారని తెలిసింది. ఆ పిల్లను కోడలిగా తెచ్చుకోవాలని అమ్మమ్మకు ఎప్పటినుంచో ఆశ. వరస కలుస్తుంది, వాళ్ళింట్లోనూ ఇష్టమే. అడ్డమల్లా మామ నోరే. మామకు సెలవున్న ఒక మధ్యాహ్నం అమ్మమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "అక్కకు కంపెనీల జర దెబ్బ తాకిందంట అని మామకు చెప్పు. ఏం జేస్తడో సూద్దాం" అంది. నాకు తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళ ఆటలో నన్ను కలుపుకున్నారని పొంగిపోయాను.

వెళ్ళి చెప్పాను. "దెబ్బ ఆమెకా, మిషనుకా?" అని మామ నవ్వాడు. నాకు రోషం వచ్చింది. "నెత్తురు బాగ పోయిందంట మామా, కండ్లు తెరుస్తలేదంట" అని నా సొంతంగా కలిపాను.

మామ ముఖం పాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఛార్జింగ్‌లో పెట్టిన ఫోను అక్కడే వదిలేశాడు. అమ్మమ్మ వెనకనుంచి పిలుస్తూనే ఉంది, బండి హైవే వైపు వెళ్ళిపోయింది.

అరగంటలో అక్క కంపెనీ బస్సు దిగి నిక్షేపంగా ఇంటికొచ్చింది. మామ రాలేదు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో మా ఊరి పిల్లలందరికీ తెలుసు. గంట గడిచింది, వాన మొదలైంది. నేనేం కలిపి చెప్పానో నా నోట విన్న అమ్మమ్మ నన్ను కొట్టలేదు, గోడకు ఆనుకుని కూలబడింది. దాంతో నా భయం ఇంకా పెరిగింది. సంగతి తెలిస్తే అక్క అరుస్తుందనుకున్నాను. తెలిసినా ఆమె అరవలేదు, మా వాకిట్లో తడుస్తూ రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. మామ చచ్చిపోతే చంపింది నేనేనని, ఆ మాట ఎవరికీ చెప్పలేక, బియ్యం సంచుల వెనక దాక్కున్నాను.

దీపాలు పెట్టే వేళకు బండి చప్పుడు వినబడింది. మామ మోకాలు చీరుకుపోయి ఉంది. ఏమీ జరగలేదని కంపెనీ వాచ్‌మన్ చెప్పినా నమ్మలేదట. దాస్తున్నారనుకుని దారిలోని దవాఖానలన్నీ వెతికాడట, ఒకచోట బండి జారి పడ్డాడట. ఇవన్నీ తరువాత తెలిశాయి. అప్పుడు మాత్రం బండి వదిలేసి నేరుగా అక్క ముందుకొచ్చాడు.

"ఇగ నువ్వు ఆ కంపెనీకి పోకు" అన్నాడు.

"చెప్పనీకి నువ్వెవరు?" అంది అక్క.

"నేను నీకు ఎవరన్న కావాల్నంటె ఏం జెయ్యాలె?"

"మా బాపునడుగు."

మోకాలు కూడా కడుక్కోకుండా పక్కింటికి నడిచాడు. మంఖాల్ వాళ్ళకు రావద్దని మర్నాడే కబురు పోయింది.

ఏడుస్తూ మామ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన నన్ను దగ్గరకు తీసుకుని, "నువ్వు చెప్పకుంటె నా మనసు నాకే ఎర్కయ్యేది కాదు బిడ్డా. గని మల్ల ఎవ్వలకు గిట్ల చెప్పకు. ఆ దవాఖానల ఒక్కో మంచం సూస్తుంటె నా పానం పోయింది" అన్నాడు.

అక్క మా అత్త అయింది. కంపెనీ మానలేదు. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఎవరికీ జంకని మామ రోడ్డు మీదికొచ్చి నిలబడేవాడు. ప్రేమంటే అంత భయమని నేను ఆయన్ను చూసే తెలుసుకున్నాను.

ఇంట్లో అందరూ ఆ రోజును తలుచుకుని నవ్వుతారు. నేను నవ్వలేను. ఇవాళ్టికీ ఎవరికి ఫోన్ చేసినా, కూర ఏం వండారని అడగడానికైనా సరే, "అందరం మంచిగున్నం" అని చెప్పాకే అసలు సంగతి ఎత్తుతాను.