అరవై దాటితే వణికిన జీపు

మీ ఇంటి బండి దారిలో వణకడం మొదలుపెడితే, మీరు ముందు దాని కిందికి వంగి చూస్తారా, లేక లోపల కూర్చున్న వాళ్లలో ఎవరి వల్ల వణుకుతున్నదో లెక్క వేస్తారా? కిందికి వంగి చూస్తామనే అందరూ అంటారు. ఇచ్చోడ దగ్గర ఒక కుటుంబం కూడా నాతో అదే అన్నది. అక్కడికి వెళ్లి రెండు రోజులు చూసి వచ్చాక ఇది రాస్తున్నాను.

నన్ను పిలిచింది పద్మ. హుజూరాబాదులో ఒక సభలో శకునాల గురించి నేను మాట్లాడినప్పుడు, మేనమామ ఇంటికి వచ్చి ఉండి విన్నదట. భర్త చనిపోయి మూడేళ్లయింది. పుట్టింట్లో ఉంటూ ఇచ్చోడ చౌరస్తాలో కుట్టుమిషన్ల దుకాణం నడుపుతుంది. ఆమె తమ్ముడు తిరుపతి తన జీపును ఎత్తు పెంచుకున్నాడు. పెంచిన తర్వాత మొదటిసారి అందులో ఎక్కింది పద్మే. ఆ రోజు నుంచే జీపు వణుకుతున్నదని, ఇక ఎక్కవద్దని ఇంట్లో చెప్పేశారు.

"సార్, మీరు సభల మంచిగ మాట్లాడిన్రు. కానీ మావోళ్లు సభలకు రారు. బండి కాడికొచ్చి చెప్పుండ్రి" అన్నది ఫోనులో.

మాటలతో జీపు బాగుపడదు కాబట్టి యాకూబ్ భాయ్‌ను వెంట తీసుకున్నాను. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లుగా జీపులు విప్పి బిగిస్తున్న మెకానిక్ అతను. డిసెంబరు మొదటి వారంలో, ఉదయం ఐదు యాభైకి కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. భాయ్ చేతిలో బరువైన సంచి ఉంది.

"గా సంచిల ఏమున్నది? లగేజీ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్.

"ఇనుము సార్. ఒళ్లో పెట్టుకుంట, సీటు అడగది" అన్నాడు భాయ్. కండక్టర్ మా ఇద్దరికే టికెట్లు కొట్టి ముందుకు పోయాడు.

ఏడు దాటాక జగిత్యాలలో టీ తాగాం. కోరుట్ల, మెట్‌పల్లి, తొమ్మిదిన్నరకు ఆర్మూరు. అక్కడ నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది, చేతిలో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్. ఎక్కడికని అడిగితే జీపు సంగతి చెప్పాను.

"నిమ్మకాయ కట్టుండ్రి. మా కొడుకు సౌదీల లారీకి గూడ కట్టిండు."

"లారీ బాగైందా?"

"ఏమో. వాన్నైతే పనిల నుంచి తీసేసిన్రు."

సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్‌లో పది నిమిషాలు ఆగి, బస్సు ఘాటు ఎక్కింది. ఈ దారిన వెళ్లేవాళ్లలో మలుపులకు కడుపు తిప్పే వాళ్లుంటే నిర్మల్‌లోనే ముందు సీట్లకు మారడం మంచిది. ఘాటు ఎక్కాక గాలి మారుతుంది, పన్నెండు గంటలకు కూడా చలి వదలదు. దారి పొడవునా పత్తి ట్రాక్టర్లు. పన్నెండు అయిదుకు ఇచ్చోడలో దిగాం.

జీపు పద్మ దుకాణం ముందే ఉంది. మామూలు జీపుకన్నా జానెడు ఎత్తు. చక్రాలు తిరుపతి నడుము దాకా వస్తున్నాయి. తిరుపతి దుబాయిలో ఆరేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చాడు. అక్కడి ఇసుకలో తిరిగే ఎత్తు బండ్లను చూసి, తన ఊరికి అలాంటిది కావాలనుకున్నాడు. ఆ ఆలోచనలో తప్పు లేదు. వాళ్ల ఊరు ఇచ్చోడకు పద్నాలుగు కిలోమీటర్లు లోపల, మధ్యలో రెండు వాగులు. వానాకాలంలో మామూలు బండి అవతలికి పోదు, బస్సు ఏ కాలంలోనూ రాదు. జీరో టికెట్ ఉన్నా పద్మకు ఎక్కడానికి బస్సు లేదు.

ఆ రోజు ఆమె పత్తి ట్రాక్టరు మీద వచ్చింది. తొమ్మిది రోజులుగా దుకాణం సగం రోజులే తెరిచింది. బడి పిల్లల దుస్తుల కుట్టుపని చేతిలో ఉంది. రోజూ వచ్చే దారి దొరక్కపోతే నెలాఖరుకు దుకాణం గది ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేసింది.

దుకాణంలోనే భోజనం. జొన్నరొట్టె, పిట్ల, అంటే శనగపిండితో చేసే చిక్కటి కూర. ఆ వైపు మరాఠీ ఇళ్ల నుంచి వచ్చిన వంట, ఇప్పుడు అందరి వంట. తింటూనే భాయ్ అడగడం మొదలుపెట్టాడు.

"ఎంత స్పీడుకు వణుకుతది?"

"అరవై దాటినంక. సీటు కింద మొదలైతది. డెబ్బైకి అద్దంల ఎనక బండి కానరాదు" అన్నాడు తిరుపతి. "ధర్మపురిల పూజ చేయించిననాడు సాఫుగ నడిచింది సార్. అక్క ఎక్కినంకనే గిట్లయింది. నేనేం కావాలని అంటలేను."

"పూజ ఎత్తు పెంచకముందా, పెంచినంకనా?" అన్నాను.

"ముందే."

"అక్క లేకుంట ఎప్పుడన్న అరవై దాటించినవా?"

తిరుపతి రొట్టె తుంచడం ఆపాడు. "నేనొక్కన్ని ఇచ్చోడకు రావాల్నంటే మోటర్‌సైకిల్ మీద వస్త. జీపు చేన్లకు, వాగు దాటెటందుకు."

"చేన్లల్ల ఎంతల నడుపుతవు?"

"ఇరవైల. ఇంకెంతల?"

పద్మ ఎక్కితే జీపు హైవే మీదికి వస్తుంది. ఎక్కకపోతే చేలలోనే ఉంటుంది. అరవై దాటితే వచ్చే జబ్బు ఇరవైలో ఎలా కనిపిస్తుంది? వాళ్లు చూసింది అబద్ధం కాదు. ఆమె ఉన్న ప్రతిసారీ జీపు వణికిన మాట నిజమే. ఆమె లేకుండా ఎవరూ చూడలేదు, అంతే. మన మూఢనమ్మకాల్లో చాలావాటికి ఇదే పునాది: సగం పరీక్ష చేసి, పూర్తి తీర్పు ఇవ్వడం.

ఒకటిన్నరకు పద్మను దుకాణంలోనే ఉంచి గుడిహత్నూరు వైపు బయలుదేరాం. తిరుపతి నడిపాడు. భాయ్ ముందు కూర్చుని అరచేయి బండి అడుగు రేకుకు ఆనించాడు. నేను వెనక కూర్చున్నాను. ముల్లు అరవై రెండు దగ్గరికి రాగానే కింది నుంచి దడ మొదలైంది. డెబ్బైలో నా పళ్లు ఒకదానికొకటి తగిలాయి.

"అక్క లేదు కదా?" అన్నాను.

"మీరు కూసున్నది అక్క కూసున్న సీటే గద సార్" అన్నాడు తిరుపతి.

భాయ్ అడ్డుపడ్డాడు. "సీటు సంగతి సార్ చూసుకుంటడు. నువ్వు గేరు తియ్యి."

అరవై ఐదులో న్యూట్రల్ చేశాడు. ఇంజిను నెమ్మదించినా దడ ఆగలేదు. ఇంజినుది తప్పు కాదన్న మాట. రోడ్డు పక్కన ఆపి ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. ముప్పావు గంట పట్టింది. దడ అలాగే సీటు కిందనే ఉంది, స్టీరింగుకు రాలేదు. చక్రాలదీ తప్పు కాదు.

"చూడంగనే తెల్వదా భాయ్? ముప్పై ఏండ్ల అనుభవం అంటిరి" అన్నాడు తిరుపతి.

"చూసి చెప్తే జోస్యం బేటా. విప్పి చెప్తే పని."

ఆ జీపులో గేర్‌బాక్సు నుంచి రెండు ఉక్కు గొట్టాలు బయలుదేరుతాయి. ఒకటి ముందు ఇరుసుకు, ఒకటి వెనక ఇరుసుకు తిరుగుడును మోసుకుపోతాయి. వీటినే ప్రొపెల్లర్ షాఫ్టులంటారు. చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, ముందు షాఫ్టు విప్పి నడిపారు. దడ పోలేదు. దాన్ని తిరిగి బిగించి, వెనకది విప్పి, ముందు చక్రాల బలంతోనే నడిపారు. డెబ్బై ఐదు దాకా పోయినా జీపు నీళ్ల మీద పడవలా సాగింది. అప్పుడు సమయం ఐదు. దోషం వెనక షాఫ్టులో ఉంది. ఇలా వెతకాలనుకునే వాళ్లకు ఒక మాట: ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. రాళ్లు పెట్టకుండా షాఫ్టు విప్పితే గేరు బండిని ఆపలేదు, అది మీ మీదికే దొర్లుతుంది.

షాఫ్టును దుకాణంలో పెట్టించి, అక్కాతమ్ముళ్లు ఊరికి పోయారు. అక్క ట్రాక్టరు మీద, తమ్ముడు జీపులో. మేం హైవే పక్క లాడ్జిలో గది తీసుకున్నాం. దుప్పట్లు పల్చన. వెళ్లేవాళ్లు సొంత రగ్గు తీసుకుపోవాలి.

మర్నాడు ఎనిమిదికి తిరుపతి వచ్చాడు, వెంట వాళ్ల అవ్వ, అంటే తల్లి, వచ్చింది. ఆమె చేతి సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, మిరపకాయలు. పద్మ అప్పటికే షట్టరు ఎత్తి కూర్చుంది. భాయ్ గోనెసంచి పరిచి, షాఫ్టును దాని మీద పెట్టి, డీజిలు గుడ్డతో రుద్దాడు. నల్లరంగు ఊడుతున్న కొద్దీ కింద గీసిన బాణం గుర్తు ఒకటి కనిపించింది. కాసేపటికి రెండోది. అవి ఎదురెదురుగా లేవు.

షాఫ్టు ఒకే గొట్టం కాదు. ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కలు. లోపల పళ్లుంటాయి. కొసల్లో చెవుల్లా పొడుచుకొచ్చే ఇనుప పలకల జతలు రెండూ ఒకే వరుసలో నిలవాలి. అందుకే తయారుచేసినవాళ్లు బాణాలు గీస్తారు. ఒక పన్ను తప్పినా బిగుస్తుంది, తిరుగుతుంది, కానీ వేగంలో దడ పుట్టిస్తుంది. జీపు ఎత్తు పెరిగి షాఫ్టు వాలు ఎక్కువైంది కాబట్టి ఆ దడ రెట్టింపైంది.

"రెండు పండ్లు తప్పింది. ఎవరు పెట్టిన్రు?" అన్నాడు భాయ్.

తిరుపతి షాఫ్టు పక్కన కూర్చున్నాడు. "నేనే. ఎత్తు పెంచినప్పుడు ఫోన్ల వీడియో చూసుకుంట పెట్టిన."

"రంగెవరేసిన్రు?"

"తుప్పు పట్టొద్దని అది గూడ నేనే. రంగేసినంకనే ఊడదీసిన."

పద్మ మిషను తొక్కడం ఆపి తమ్ముడి వైపు చూసింది.

భాయ్ బాణాలు కలిపి షాఫ్టును బిగించాడు. ఆ లోపల అవ్వ జీపు చుట్టూ తిరిగి దిష్టి తీసింది, కొబ్బరికాయ కొట్టింది, ముందు కమ్మీకి నిమ్మకాయ మిరపకాయలు కట్టింది. పదిన్నరకు నడిపి చూశాం. ఎనభైలో కూడా దడ లేదు. తొంభై దగ్గర సన్నటి మోత మాత్రం మిగిలింది. ఇరుసు కింద సన్నని ఇనుప బిళ్లలు పెట్టి వాలు సరిచేస్తే అదీ పోతుందని భాయ్ చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ నవ్వుతూ ఎదురొచ్చింది. "చూసిన్రా? దిష్టి తీసినం, పోయింది."

పైన నేను చెప్పిన నియమమే ఇక్కడ తప్పింది. ఒకేసారి రెండు మారాయి: షాఫ్టు, నిమ్మకాయ. కొబ్బరిముక్క నా చేతిలో పెట్టిన మనిషితో ఏం వాదించను? నేను నోరు తెరిచేలోగా పద్మ దుకాణం మెట్టు దిగింది.

"భాయ్, మళ్ల తప్పు పెట్టుండ్రి."

"ఏందమ్మా?"

"నిన్నటి లెక్క రెండు పండ్లు తప్పు పెట్టుండ్రి. నిమ్మకాయ గట్లనే ఉండనీ. నేను ఈడనే నిలవడ్త. అవ్వను ముందట కూసోబెట్టుకొని తోలుండ్రి."

"జర సోచాయించు బిడ్డా. పెట్టనీకి గంట, తియ్యనీకి గంట."

"మూడేండ్ల సంది నన్ను అంటుండ్రు భాయ్. రెండు గంటలు ఎంత?"

యాకూబ్ భాయ్ మళ్లీ జీపు కిందికి దూరాడు. ముప్పై ఏళ్లలో బాగున్న బండిని పాడు చేయడం ఇదే మొదటిసారి అని కింది నుంచి గొణగడం వినిపించింది. పదకొండున్నర దాటాక అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి బయలుదేరాం. నిమ్మకాయ కమ్మీకి ఊగుతూనే ఉంది. పద్మ చౌరస్తాలో నిలబడి ఉంది. అరవై రెండులో దడ వచ్చింది. డెబ్బైలో అవ్వ రెండు చేతులతో ఎదుటి కమ్మీ పట్టుకుంది.

"ఆపురా తిర్పతీ."

"నిమ్మకాయ ఉన్నది గదనే అవ్వా."

"ఆపమన్న."

మళ్లీ బాణాలు కలిపేసరికి ఒకటిన్నర. ఈసారి తిరుపతి ముందు సీటు మీది స్పానర్ల సంచి తీసి వెనక పడేశాడు. "ఎక్కక్కా" అన్నాడు. ఆమె చెప్పులు దులుపుకుని ఎక్కింది. మేం వెనక కూర్చున్నాం. ఎనభైకి పోయి వచ్చాం. ఆమె ఒడిలో పెట్టుకున్న కుట్టుదారం కండె కూడా జారలేదు.

మేం తిరిగి వచ్చాక అవ్వ జీపు కమ్మీ మీద చేయి పెట్టి చూసింది. చివరికి కూతురితో అన్నది: "జీపు సంగతైతే సరే. రోజూ ఎక్కు. సోమారం చుట్టాల పెండ్లిల మాత్రం ముందట నిలవడకు."

"గా మాట గూడ ఊడదీసి చూద్దామే అవ్వా" అని పద్మ మిషను దగ్గరికి పోయింది. గది ఖాళీ చేయనని యజమానికి ఫోను చేసింది.

రెండు నలభైకి కరీంనగర్ బస్సు దొరికింది. భాయ్ నిర్మల్ రాకముందే సంచి మీద తల పెట్టి నిద్రపోయాడు. చేలలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు కనిపిస్తూ ఉన్నారు. వాళ్లలో ఎంతమంది మీద ఎన్ని నిందలున్నాయో, వాటిలో ఎన్నింటిని ఎవరైనా ఒక్కసారి విప్పి చూశారో అనుకున్నాను. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన అభిప్రాయం ఒక్కటే. నా ఉపన్యాసాలేవీ అవ్వను కదిలించలేదు, కదిలించి ఉండేవీ కావు. బాగైన జీపును మళ్లీ చెడగొట్టమన్న పద్మ ధైర్యం కొంత కదిలించింది. కొంతే. పెళ్లి సంగతి అలాగే ఉంది.

చదివి పక్కన పెట్టకండి. మీ ఇంట్లో ఫలానా మనిషి ఎదురొస్తే పని చెడుతుందనే మాట ఉంటే, ఆ మాట అనేవాళ్లకే కాగితం, కలం ఇవ్వండి. ఆ మనిషి ఎదురొచ్చిన రోజు పని ఏమైందో, రాని రోజు ఏమైందో, రెండూ వాళ్ల చేతనే రాయించండి. రాయలేమన్న వాళ్లను ఆ మాట ఇంకెప్పుడూ అననివ్వకండి. రేపు ఉదయమే మొదలుపెట్టండి.