లోపలి అడ్రసు

ఐపీ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఏ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఆ కంప్యూటర్‌కు ఎన్ని అడ్రసులున్నాయో అన్నీ నల్ల తెర మీద వరసగా వచ్చేస్తాయి. తిరువళ్ళూరు బయట మా ఫ్యాక్టరీలో ఒక్కో లైనుకు ఒక్కో కంప్యూటర్ ఉండేది. వాటిని చూసుకోవడానికి మేమిద్దరం ఉండేవాళ్ళం. నేనూ, తిరుత్తణి పక్క పల్లె నుంచి నాతోపాటే లోకల్ రైల్లో వచ్చే ఒక అన్న. ఇద్దరం కాంట్రాక్టు మనుషులమే. అన్నకు యాభై దాటింది. అంతకుముందు కాట్టుపల్లి ఓడరేవు వైపు పరంజాలెక్కి కేబుళ్ళు లాగేవాడు. మోకాలు అరిగిపోయాక, ఎక్కడం దిగడం లేని పని దొరికిందని సంబరంగా ఇక్కడికొచ్చాడు.

ఇంతలో పైనుంచి ఒక మాట వచ్చింది. ఇకమీదట కంప్యూటర్లన్నీ వేరే ఊళ్ళోని ఆఫీసు వాళ్ళే దూరం నుంచి చూసుకుంటారట. మేం చేయాల్సిందల్లా ఒక్కోదాని అడ్రసు వాళ్ళకు ఫోన్లో చెప్పడం. అడ్రసు తెలిస్తే వాళ్ళు అక్కణ్ణుంచే లోపలికి వస్తారు, అన్నీ సరిచేసుకుంటారు. అప్పుడిక మాతో పనేముంది? మా గొయ్యి మేమే తవ్వి, లోతు ఎంతో కూడా మేమే కొలిచి చెప్పాలన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్న మాత్రం మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఫోన్ వచ్చిన రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. అన్నే ఎత్తాడు. అవతల కొత్తగా చేరిన మనిషెవరో, తమిళంలో, "ఉళ్ళే ఇరుక్కిర ఐపీ సొల్లుంగ" అన్నాడట. బయటి ఇంటర్నెట్‌ది వద్దు, ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్క్‌లో ఉండే అడ్రసు చెప్పమని అతని ఉద్దేశం. అన్నకు తమిళం మంచినీళ్ళ ప్రాయమే గానీ, చదివింది తెలుగు బడిలో. ఏ మాట విన్నా ముందు తెలుగులోకి తిరగాల్సిందే. ఉళ్ళే అంటే లోపల, అంటే లో. తెర మీద చూస్తే మొట్టమొదటి వరసలోనే ఎల్, ఓ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఇంకేం కావాలి? దాని కిందున్న నూట ఇరవై ఏడు, సున్న, సున్న, ఒకటి చదివేశాడు. తర్వాత అన్ని లైన్లకూ తిరిగి, ప్రతి కంప్యూటర్‌లోనూ ‘లో’ కింద ఉన్నదే చెప్పాడు.

మళ్ళీ పనిలోకి వచ్చాక విని, నేను తల పట్టుకున్నాను.

"అన్నిటికీ ఒకటే అడ్రస్ వస్తా ఉంటే నీకు డౌటు రాలేదా అన్నా?"

"అన్నీ ఒక కంపెనీవే గదమ్మా. ఇంటిపేరు ఒకటే ఉంటాదిలే అనుకున్నా."

ఆ మాటకు పగలబడి నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వడం అది. ఆ అడ్రసు ప్రతి కంప్యూటర్‌కూ ఉంటుందనీ, అది తనతో తను మాట్లాడుకోవడానికి పెట్టుకున్నదనీ చెప్పాను. ఎవరు ఎక్కణ్ణుంచి దాన్ని పిలిచినా, వాళ్ళ కంప్యూటరే వాళ్ళకు పలుకుతుంది.

"అంటే వాళ్ళు మనల్ని పిలిస్తే వాళ్ళకి వాళ్ళే పలకతా ఉండారా?" అని అన్న కూడా నవ్వాడు.

నిజంగానే అక్కడ అదే జరుగుతోంది. ఆ కొత్త మనిషి మా లైన్లను పిలుస్తున్నాననుకుంటూ తన కంప్యూటర్‌నే పిలుచుకుంటున్నాడు. జవాబు వస్తోంది, పాస్‌వర్డ్ మాత్రం పడట్లేదు. పాస్‌వర్డ్ మార్చండని మాకు ఫోన్ చేస్తాడు, మేం సరేనంటాం. ఇలా కొన్నాళ్ళు సాగింది. ఈ గందరగోళంలో విసిగి వాళ్ళు మానుకుంటారేమోనని నాకు లోపల్లోపల ఆశ పుట్టింది. వాళ్ళు మానుకోరని తెలుసు. అయినా పుట్టింది.

చివరికి వాళ్ళలో పెద్దవాడెవరో చూసినట్టున్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేశాడు. ఈ అడ్రసు చెప్పిందెవరని అడిగాడు. అన్న "నాదాన్ సార్" అన్నాడు, నేనే అని. అంతే, అవతల గదిలో ఎంతమంది ఉన్నారో గానీ అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వు ఆపుకోలేక ఒకరికి దగ్గు కూడా వచ్చింది. నేనూ అదే విషయానికి నవ్వినదాన్నే. కానీ ఆ నవ్వు వింటుంటే ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. అన్న మొహం వైపు చూడలేకపోయాను.

ఫోన్ పెట్టేశాక అన్నాను, "ఇంకో నాలుగు రోజులు ఇట్లే లాగుదాం అన్నా. తెరలో అదే కనిపిస్తా ఉంది, మాకింతే తెలుసునని చెబుదాం."

"వద్దమ్మా."

"మళ్ళా యాడికి పోతావు? ఆ పరంజాలెక్కనేనా?"

"పోతే పోతా. నాకేమీ తెలీదనుకుని నవ్వినారు గదా. తెలీనోడ్ని అనిపించుకొని ఈడ కూర్చోను. ఆ రెండో వరసలో ఉండేది యెట్లా చదవాల్నో చూపించు."

చూపించాను. ఏం చేయను? రెండో వరసలో పదితో మొదలయ్యే అంకెలు, ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో రకం. అన్న కుంటుకుంటూ లైను లైనుకూ తిరిగాడు. ఫోన్ చెవికి ఆనించి, మిషన్ల మోత మీదుగా అరుస్తూ, ఒక్కో అంకెనూ తమిళంలో విడదీసి చదివాడు. ఒక్క తప్పు పోలేదు. అవతల ఒక్కరూ నవ్వలేదు. ఒక్కోటి చదివిన వెంటనే, "వచ్చేశాం, తర్వాతది" అనేవాళ్ళు.

ఆఖరిది అయ్యాక, "ఇక అక్కడ కూర్చుని ఎవరూ చూడక్కర్లేదు, కీబోర్డులూ తెరలూ ఊడదీసి స్టోర్‌లో ఇచ్చేయండి" అన్నారు. ఇద్దరం ఊడదీశాం. నేను మళ్ళీ ఐపీ అని కొట్టాలనుకున్నా కొట్టడానికి చోటు లేదు. కంప్యూటర్లు మాత్రం నిక్షేపంగా నడుస్తున్నాయి. మేం లేకపోతే ఏదో ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు ఏడుపొచ్చింది.

మా చెక్క టేబుల్ దగ్గర ఒకటే కుర్చీ మిగిలింది. స్టోర్ వాళ్ళు అది తమది కాదన్నారు. అన్న మళ్ళీ ఆ ఆఫీసుకే ఫోన్ చేశాడు.

"సార్, ఈడ ఒక కుర్చీ ఉండాది, దాన్ని ఏం చెయ్యాల?" అని తమిళంలో మర్యాదగా అడిగాడు.

కుర్చీలు తమ పరిధిలోకి రావని చెప్పి పెట్టేశారు. అన్న సరే సార్ అన్నాడు, అవతల ఎవరూ లేకపోయినా.