పెళ్లిరోజుకి పాత వాచీ

అరకు సంతలో నేల మీద పట్టా పరిచి పాత వాచీలు అమ్ముతున్న ఒకాయన దగ్గర కూర్చుండిపోయాను. మా పెళ్లయి ఏడాది కావస్తోంది. మా ఆయనకి కీ ఇచ్చే వాచీలంటే ప్రాణం. అంకెల పలక కాస్త పసుపు తిరిగిన వాచీ ఒకటి చెవి దగ్గర పెట్టుకుంటే హాయిగా నడుస్తోంది.

"అసలే నీది రెండో పెళ్లి," అంది నాతో వచ్చిన మా పిన్ని, గొంతు తగ్గించి. "దానికి తోడు ఎవరో వాడి వదిలేసిన వాచీనా? వినేవాళ్లు నవ్వుతారే."

నాకు చివుక్కుమంది. వాచీ కింద పెట్టబోయాను.

పక్కన రాజ్‌మా గింజలు కుప్ప పోసుకుని కూర్చున్న కొండ ఊరి ఆవిడ ఆ మాట వినేసింది.

"రెండో మనువైతే ఏటమ్మా? నానూ మొదటోడిని ఒగ్గీసి ఇంకోడిని సేసుకున్నాను. పెద్దలు కూకోని సరిసేసినారు. అదిగో, ఆ అల్లం కాడున్నోడే మొదటోడు," అంటూ చెయ్యెత్తి అతన్ని పిలిచింది.

అతను నవ్వాడు. "ఏటే, బేరాలు అవతన్నాయా?"

"నీకంటే బాగానే అవతన్నాయి!"

ఆ ఇద్దరి ముఖాల్లో పగా లేదు, సిగ్గూ లేదు. విశాఖలో మా ఇంట్లో నా మొదటి పెళ్లి ఊసు వస్తే ముందు వీధి తలుపు మూస్తారు.

వాచీని అమ్మే ఆయన చేతికిచ్చి, చుట్టుపక్కల అందరికీ వినపడేలా చెప్పాను.

"ఇది నా రెండో మొగుడికి. జాగ్రత్తగా కట్టివ్వండి."